వగరు తెచ్చిన తంటా

ఆ రోజుల్లో నాకు ద్రాక్ష అంటే పాయసంలో ఏరుకుని తినే కిస్‌మిస్, అంతే. అలాంటిదాన్ని ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేసిన పుణ్యమా అని కాలిఫోర్నియాలో ఒక వైనరీ ల్యాబ్‌లో పడ్డాను. వైన్ చుక్క ఎరగను. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్‌లో గోల: "సారా కొట్లో ఉద్యోగమేంటే? ఎవరైనా అడిగితే ద్రాక్షరసం కంపెనీ అని చెప్పు!" (ఇప్పటికీ బంధువుల్లో నాది జ్యూసుల ఉద్యోగమే.) కోతలయ్యేలోగా నా పని నచ్చితే వీసా స్పాన్సర్ చేస్తానన్నాడు ఓనర్. నచ్చకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఆయనకి నేను పెట్టుకున్న పేరు మీసాల తాత. కోతలు దగ్గరపడటంతో ట్యాంకులు కడుగుతున్నారు, చెక్క పీపాల్లో నీళ్లు పోసి నానబెడుతున్నారు. ప్రతిదానికీ "ఎందుకు సార్?" అంటూ తాత వెనకే తిరిగేదాన్ని. ఒకరోజు ఆయన నన్ను తోటలోకి తీసుకెళ్లి, ఒక నల్లద్రాక్షని తొక్కతో, గింజతో సహా నమిలి ఎలా ఉందో చెప్పమన్నాడు. కోత ఎప్పుడన్నది ఇలా నాలుకతోనే తేలుస్తారట! నమిలాను. నోరంతా పిడచకట్టుకుపోయింది. నేర్చుకున్న ఇంగ్లిష్ ఏ గంగలో కలిసిందో గానీ, "వగరు!" అన్నాను.

తాత కంగారుపడ్డాడు. "విగర్? స్టిల్?"

పాపం, నోరు తిరగక అలా అంటున్నాడనుకుని, "యెస్ సార్! వెరీ వగరు! టూ మచ్!" అని తల కూడా ఊపాను.

మర్నాడు చూస్తే తోటకి నీళ్లు ఆపేశారు. మనుషులు దిగి తీగల ఆకులు కత్తిరించేస్తున్నారు. నాకు ఒకటే ఆశ్చర్యం. "సార్, ఆకులు తీసేస్తే వగరు పోతుందా?" అని అడిగాను. "అదేంటి, విగర్ తగ్గలేదని నువ్వేగా చెప్పావు?" అన్నాడు. అప్పుడు తెలిసింది, వాళ్ల తోట భాషలో విగర్ అంటే తీగ బలుపని, పండుని గాలికొదిలేసి ఆకులు వేసుకుంటూ పోవడమని! "నో సార్! వగరు నాట్ తీగ! వగరు ఈజ్ టంగ్!" అంటూ ఒక పండు తెంపి ఆయన చేతిలో పెట్టి, నమలమని సైగ చేశాను. నమిలి, నాలుక చూపించి, "దిస్?" అన్నాడు. "దట్!" అన్నాను. "స్టాప్! స్టాప్!" అని అరుస్తూ తాత వరసల్లోకి పరిగెత్తాడు. అప్పటికే ఒక వరసంతా గుండు కొట్టించుకున్నట్టు నిలబడి ఉంది. ఆ ఎండలకి దాని పళ్లు కిస్‌మిస్ కావడం ఖాయం. నా వీసా గోవిందా అనుకున్నాను.

సాయంత్రం పిలిచాడు. ఏడుపు ఆపుకుంటూ వెళ్లాను. "దీన్ని మేం డ్రై అంటాం, గ్రిప్పీ అంటాం, టానిన్ అంటాం. ఇంత చక్కటి మాట ఒక్కటీ లేదు మాకు. ఏదీ, ఇంకోసారి చెప్పు," అని పదేపదే పలికించుకున్నాడు. "రు" దగ్గర మీసాలు వణికేవి. స్పాన్సర్ చేశాడు, మహానుభావుడు.

ఇప్పుడు అక్కడ కోత ఎప్పుడో చెప్పేది నేనే. మొన్న తాతతో కలిసి ఆ గుండు వరసలోనే ఒక పండు నమిలి, "టానిన్స్ ఆర్ స్టిల్ హార్ష్," అన్నాను, మహా స్టైల్‌గా. తాత నావైపు వింతగా చూసి, నాలుక బయటపెట్టి, "నో, నో. వగరు," అని సరిదిద్దాడు.

ఆ మాట నా నోటికి రాక ఎన్నాళ్లయిందో! నవ్వొచ్చింది, ఆ తెనాలి పిల్ల మీద బెంగా వచ్చింది. "యెస్ సార్," అన్నాను, "వెరీ వగరు."