కొంగలు తెచ్చిన సారె

కుళ్ళాయమ్మది చిన్న గొంతు కాదు. ఇంటి దగ్గర మేకను పిలిచినా, మొగుణ్ణి పిలిచినా పక్క వీధివాళ్ళు కూడా తిరిగి చూస్తారు. చింతచెట్ల కిందికి వచ్చేసరికి మాత్రం ఆ గొంతు దానంతట అదే దిగిపోతుంది.

"మెల్లిగ మాట్లాడండప్పా. పైన బాలింతలుండారు," అంటుంది.

సోమందేపల్లి రోడ్డు మీద దిగి లోపలికి పోతే వచ్చే చిన్నగుట్టపల్లి ఆమె మెట్టినూరు. చలి తగ్గే వేళకు ఆ ఊరి చింతచెట్ల మీదికి రంగుకొంగలు వస్తాయి. పసుపుపచ్చని ముక్కు, ఎర్రటి తల, తెల్లటి ఒళ్ళు, తోక దగ్గర ఎవరో రంగు చేతులు తుడుచుకున్నట్టు గులాబీ ఈకలు. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉండి, వానలు మొదలయ్యాక వెళ్ళిపోతాయి. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో పలక డప్పు మోగదు, టపాకాయ పేలదు, ఆ చెట్ల చింతపండు ఎవరూ రాల్చరు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు కదా అంటారు ఊరివాళ్ళు.

హిందూపురంలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే భానుమతిగారు ఆ నెలల్లో ఆదివారం పూట మాలాంటి కొందరిని చిన్న బస్సులో అక్కడికి తీసుకుపోతారు. చెట్ల కింద తిప్పి చూపించడం కుళ్ళాయమ్మ పని. గూటిలోంచి పడిపోయిన పిల్లలను గంప కింద దాచి, చేపముక్కలు పెట్టి సాకడం కూడా ఆమె పనే. నేను ఉద్యోగం అయిపోయాక పక్షులను చూద్దామని మొదలుపెట్టి, తర్వాత తర్వాత ఆమె మాటలు వినడానికే ఏటా పోతున్నాను.

ఒకసారి ఎవరి జేబులోనో ఫోను సినిమాపాటతో మోగింది. కుళ్ళాయమ్మ నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"ఏమప్పా, మీ యింట్లో కాన్పయినప్పుడు కూడా ఇట్లే పాటలు పెడతారా?"

ఆ మనిషి నవ్వి, ఫోను ఆపి, మాట మార్చడానికి అడిగాడు. "ఇవి సైబీరియా నుంచి వస్తాయంట కదమ్మా? ఊరి మొగదల బోర్డు మీద రాసుంది."

"బోర్డు రాసినాయప్ప సైబీరియా చూసినాడా? ఇవి బుక్కపట్నం చెరువు నుంచి వస్తాయి. మా పుట్టినూరు అది. మా నాయన చెరువు."

ప్రతి ఏడూ ఆ మాట చెప్పేది. చెప్పి ఊరుకోకుండా, చెట్టు కింద కొంగ నోట్లోంచి జారిపడిన చేప ఏదైనా కనబడితే తీసి, కొంగు తడి చేసుకుని దుమ్ము తుడిచి చూపించేది. "చూడండి, ఇది మా చెరువు జెల్ల. దీని మీసం నాకు తెలీదా?" అనేది. గంప కింద పిల్లలకు పెట్టగా మిగిలిన వాటిలో మంచిది దొరికితే ఒకటి ఇంటికి తీసుకుపోయి పులుసు పెట్టేది. మా నాయన సారె పంపినాడు అనేది.

ఆమె భర్త నాగరాజు ఒకనాడు మా ముందే ఎగతాళి చేశాడు. "అల్లునికి ఏం మర్యాదప్పా! కొంగ ఎంగిలి చేప!"

"తినేటప్పుడు ఎంగిలి గుర్తు రాలేదే నీకు? ముల్లు కూడా మిగల్చకుండా నాకినావు," అంది ఆమె. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది కానీ ఆ చేపను కొంగులో ముడివేసుకున్న తీరు నవ్వులాటలా లేదు.

ఆమె కథ తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. తండ్రి బుక్కపట్నం చెరువులో వల వేసేవాడు. నాగరాజు చేపలు ఎత్తుకుపోయే బండి మీద వచ్చేవాడు. బండి నింపేలోపల ఇద్దరికీ మాట కలిసింది. కులం వేరు. ఆమె వెళ్ళిపోయే రోజు తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. వల విదిలిస్తూ తల ఎత్తకుండా, "ఈ చెరువు నీళ్ళకూ నీకూ తీరిపోయె పో," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ముప్పై ఏళ్ళు అటు పోలేదు. సోమందేపల్లిలో బస్సెక్కితే ఒక పూటలో పోయి రాగలిగే దూరమే. నాలుగేళ్ళ కిందట తండ్రి పోయాడన్న కబురు అంతా అయిపోయాక ఎవరి ద్వారానో తెలిసింది. ఆయన మాట వెనక్కి తీసుకోవడానికి ఇంక ఆయనే లేడు.

"నీళ్ళ దగ్గరికి నేను పోగూడదు గానీ, నీళ్ళలో చేప నా దగ్గరికి రాగూడదని అన్లేదు గదా సామీ," అని ఒకసారి నాతో అంది.

ఈ ఏడు భానుమతిగారు కొత్త ఆలోచన చేశారు. పొద్దున చిన్నగుట్టపల్లిలో గూళ్ళు చూపించి, మధ్యాహ్నం కొంగలు మేసే చెరువు కూడా చూపిద్దామన్నారు. ఏ చెరువు అని అడిగితే, "కుళ్ళాయమ్మ ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉంది కదా, బుక్కపట్నం పోదాం" అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "అంత దూరం పోతాయో లేదోనమ్మా. దగ్గర కుంటలే చాలా ఉన్నాయి కదా వాటికి," అని కూడా అన్నారు.

కుళ్ళాయమ్మ ముఖం ముడుచుకుంది. "మీరు సదువుకున్నోళ్ళు మేడం. నేను వాటి నోట్లో చేప చూసినదాన్ని."

ఇంత అన్నాక రానని ఎలా అంటుంది? వచ్చింది. బస్సులో ధర్మవరం నుంచి వచ్చిన అర్చన పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి ఇంట్లో పట్టుచీరలు నేస్తారు. పొద్దున తీసిన కొంగ రెక్క ఫోటో చూపిస్తూ, "ఆంటీ, ఈ రంగు అంచుకు పెడితే ఎట్లుంటుంది?" అని అడుగుతోంది. కుళ్ళాయమ్మ ఊ కొడుతోంది కానీ కళ్ళు కిటికీ బయటే ఉన్నాయి. పుట్టపర్తి దారి తిరిగేసరికి ఊ కొట్టడం కూడా మానేసింది.

బుక్కపట్నం చెరువు కట్ట మీద బస్సు ఆగింది. నీళ్ళు ఎదుటి గుట్టల దాకా పరుచుకుని ఉన్నాయి. దూరంగా లోతు తక్కువ ఉన్నచోట తెల్లగా, గులాబీగా కొంగలు నిలబడి ఉన్నాయి. అందరూ రాళ్ళ మెట్ల మీదుగా నీళ్ళ దగ్గరికి దిగారు. కుళ్ళాయమ్మ కట్ట మీదే నిలబడిపోయింది. కాలు నొప్పి అంది. ఆమె నొప్పి నాకు తెలుసు కాబట్టి నేనూ పక్కనే నిలబడ్డాను.

కింద ఒకాయన పుట్టిని ఒడ్డుకు లాగుతున్నాడు. తట్టలా గుండ్రంగా ఉండే పడవ అది. నలభై దాటిన మనిషి, చొక్కా లేదు, నడుముకు తువ్వాలు. పైకి చూసి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత మెట్లు ఎక్కి వచ్చాడు.

"యాడికొస్తివే అక్కా?" అన్నాడు.

అతను రామాంజినేయులు. ఆమె వెళ్ళిపోయినప్పుడు పలకాబలపం పట్టుకుని బడికి పోయే తమ్ముడు.

"కొంగలను చూపిద్దామని వచ్చినా," అంది ఆమె.

"ముప్పై ఏండ్లు మమ్మల్ని సూడబుద్ధి కాలేదు గానీ, కొంగలను సూడనీకె వచ్చినావా?"

"నువ్వు నాయన పోయినప్పుడు పిలిచింటే వచ్చింటా."

"పిలిస్తే నీళ్ళు దాటి వచ్చేదానివా? ఇప్పుడు కూడా కట్ట దిగకుండా నిలబడుండావు. అంతా నాయన బుద్ధే. ఇద్దరూ ఇద్దరే."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కోపం దిగినట్టుంది.

"నీ వీడియో ఒకటి వచ్చిండె గదా కా ఫోన్లో. ఎవరో పట్నమోళ్ళు తీసినారే. కొంగలు మా నాయన చెరువు నుంచి వస్తాయని చెప్తివి. నేనే చూపిస్తి నాయనకి."

కుళ్ళాయమ్మ తల తిప్పి అతని వైపు చూసింది. "ఏమన్యాడు?"

"ఏమంటాడు? ఆయన నోరు నీకు తెల్దా? ఇంకోసారి పెట్టమన్యాడు. ఇంకోసారి. ఫోనులో చార్జి అయిపోయేదాకా సూసినాడు. తెల్లారి నుంచి వల కడిగేటప్పుడు చిన్నచేపలన్నీ తట్టలో ఏరి పక్కన పెట్టేది. కొంగలకు ఏస్తాండె. చేపల కంట్రాక్టరు వచ్చి, 'ఏమప్పా, ముసలోనికి మతి పోయిందా, చేపలన్నీ కొంగల పాలు చేస్తాండాడు' అని నా మీదికి వచ్చె. నాయన ఏమన్యాడో తెల్సునా? 'అవి మా కుళ్ళాయమ్మ ఊరికి పోతాయి, నీకేం పోయె' అన్యాడు."

"ఒక ఫోను చేసిండొచ్చు గదరా."

"నాయనా? ఫోనా?" అని అతను నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "మంచం పట్టినాక కూడా అడిగేది. ఏస్తివా కొంగలకి అని. నేను ఇప్పటికీ ఏస్తాండా. ఎందుకో తెల్దు. అలవాటు."

పుట్టిలో ఒక పక్క ఆ తట్ట ఉంది. కుళ్ళాయమ్మ దాన్ని చూసింది. తర్వాత చెప్పులు కట్ట మీదే విడిచి మెట్లు దిగడం మొదలుపెట్టింది. చివరి మెట్టు మీద ఒకసారి ఆగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి కాలు పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. మోకాళ్ళ దాకా పోయి, దోసిట్లో నీళ్ళు తీసుకుని ముఖం మీద చల్లుకుంది. ఆ ముఖం మీద ఏవి చెరువు నీళ్ళో ఏవి కావో కట్ట మీద నుంచి నాకు తెలియలేదు.

రామాంజినేయులు తట్ట అందించాడు. ఆమె గుప్పెళ్ళతో చేపలు తీసి, పల్చటి నీళ్ళు ఉన్న దిక్కుగా విసిరింది. ముందు ఒక కొంగ అడుగులు వేసుకుంటూ వచ్చింది. దాని వెనక మరికొన్ని. తలలు వంచి, ముక్కులు నీళ్ళలో ముంచి తిన్నాయి. తట్ట ఖాళీ అయినా ఆమె చేతులు అడుగున తడుముతూనే ఉన్నాయి.

ఎండ వాలింది. కొంగలు ఒక్కొక్కటే రెక్కలు విప్పి లేచాయి. అందరం తల ఎత్తి చూశాం. భానుమతిగారు కూడా దుర్భిణి దించి వట్టి కళ్ళతో చూశారు. పెనుకొండ గుట్టలు, వాటి అవతల చిన్నగుట్టపల్లి, పడమటి దిక్కున ఉన్నాయి. కొంగలు చెరువు మీద ఒక చుట్టు తిరిగి, వరస కట్టి, తూర్పుకు పోయాయి. ఒక్కటి కూడా పడమటికి తిరగలేదు.

భానుమతిగారు దుర్భిణిని సంచిలో సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నారు. అర్చనకు మాత్రం దిక్కు తెలియలేదు.

"ఆంటీ, మీ ఊరికేనా పోతుండేది?" అని ఒడ్డు మీద నుంచి కేక వేసింది.

కుళ్ళాయమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చేప వాసన వేసే చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఆ వరస కనుమరుగయ్యేదాకా చూసింది. చెట్ల కింద మాట్లాడే ఆ చిన్న గొంతుతోనే చెప్పింది.

"ఈపొద్దు ఇట్ల పోతాండాయి పాప."