మా అత్తయ్య ముందుకు, నేను వెనక్కి

నేను వ్యాయామం నేర్పే టీచర్ని. కంకిపాడు దాటాక ఒక ఊరి హైస్కూల్లో పని. పిల్లలు పీఈటీ మేడమ్ అంటారు. ఉయ్యూరు పక్కన మా పుట్టింటి ఊళ్లో చెరుకు తోటల గట్ల మీద పరిగెత్తి పెరిగాను. కాలేజీలో జిల్లా జట్టుకి కబడ్డీ ఆడాను. ఆ ఆటే నాకు ఈ ఉద్యోగం తెచ్చింది. చదువులో ఎప్పుడూ మొదటి వరసలో లేను గానీ, నా కాళ్ల గురించి మాత్రం మా ఆయన దగ్గర తెగ గొప్పలు పోయేదాన్ని. అలాంటి నాకు ఒకరోజు పొద్దున్న స్కూలు అసెంబ్లీలో, పిల్లలందరూ చూస్తుండగా, ఎడమ కాలు ఆగిపోయింది.

నొప్పి లేదు. తిమ్మిరి కూడా లేదు. జనగణమన అయ్యాక పిల్లల్ని క్లాసులకి పంపిద్దామని ఒక అడుగు వేశాను. కుడి కాలు కదిలింది. ఎడమది నాది కానట్టు అక్కడే ఉండిపోయింది. ముందుకి పడ్డాను. మా కబడ్డీ టీమ్ అమ్మాయిలు పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. "కాలు మడతపడిందే" అని నవ్వబోయాను. వాళ్లు వదలగానే మళ్లీ కూలబడ్డాను. ఈసారి నాకూ నవ్వు రాలేదు.

హెడ్మాస్టరు గారు తన కారులో కంకిపాడు తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు గారు చేతులు ఎత్తమన్నారు, పళ్లు చూపించమన్నారు. కాలు చూసి, "పక్షవాతం అయ్యుండొచ్చు. ఆలస్యం చెయ్యకుండా విజయవాడ తీసుకెళ్లండి" అన్నారు. నాకింకా నలభై రాలేదు. ఆ మాట విన్నాక కారులో దారి పొడవునా కుడి కాలి బొటనవేలు ఆడిస్తూనే ఉన్నాను, అది కూడా పోతుందేమోనని.

మా ఆయన ఆటోనగర్‌లో లారీ మెకానిక్. చేతులకి గ్రీజు కూడా కడుక్కోకుండా ఆసుపత్రికి వచ్చేశాడు. తలకి స్కాన్ తీశారు, తర్వాత వెన్నెముకకి. కాళ్లకి సన్నగా కరెంటు పెట్టి నరాలు చూశారు. అన్నీ బాగున్నాయి. చివరికి అక్కడి పెద్ద డాక్టరు రిపోర్టులు తిరగేసి, "మీకేం లేదమ్మా. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి" అన్నారు.

"కాలు కదలట్లేదు కదండీ" అన్నాను.

"అదే వస్తుందిలెండి. టెన్షన్ పెట్టుకోకండి."

ఏమీ లేనిదాన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ తీసుకొచ్చి ఆటో ఎక్కించారు.

ఆ "ఏం లేదు" మాకంటే ముందే ఇంటికి చేరింది. చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ నా మంచం పక్కన కూర్చుని, "ఏం లేదన్నారంటగా. మరి స్కూలుకి ఎందుకెళ్లట్లా?" అని అడిగింది. ఇంకొకరు గాలి సోకిందన్నారు. ఎవరో చెప్పారని మా ఆయన నన్ను హనుమాన్ జంక్షన్ దగ్గర కట్లు కట్టే ఒకాయన దగ్గరికి కూడా తీసుకెళ్లాడు. ఆయన కాలంతా తడిమి చూసి, "ఎముక బాగానే ఉందమ్మా. ఇది నా పని కాదు" అని పంపించేశాడు. అప్పటిదాకా నన్ను చూసినవాళ్లలో తనకి తెలియదని ఒప్పుకున్నది ఆయనొక్కడే. అందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

నాకు మాత్రం లోపల వేరే భయం మొదలైంది. నాకే తెలియకుండా నేనే నటిస్తున్నానేమో. గదిలో ఎవరూ లేనప్పుడు కాలిని చూస్తూ "లే" అనేదాన్ని. మైదానంలో పిల్లల్ని గదమాయించినట్టు గదమాయించేదాన్ని. అది కదిలేది కాదు. ఎంత గట్టిగా ప్రయత్నిస్తే అంత బిగుసుకుపోయేది.

ఆ రోజుల్లో నన్ను ఒక్కసారి కూడా అనుమానంగా చూడని మనిషి మా అత్తయ్య. వయసులో ఉన్నప్పుడు వరి నాట్లు వేసి వేసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. చర్చిలో కూడా వెనక వరసలో కూర్చుని పెదాలు మాత్రం కదిపే రకం. అలాంటిది ఆ చుట్టాలావిడ రెండోసారి వచ్చి మళ్లీ అదే మాట అనగానే, అత్తయ్య కూర గిన్నె కింద పెట్టింది.

"నా మోకాలి నొప్పి నీకు కనపడతందా?"

"నాకెట్టా కనపడుద్ది వదినా?"

"కనపడదుగా. మరి నేను అబద్ధమాడుతున్నానా? నా కోడలు కూడా అంతే." తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఇంకో డాక్టరుకి చూపిద్దాం రా. నేనూ వస్తా" అంది.

రెండో డాక్టరు ఆడమనిషి. నరాల వైద్యురాలు. రిపోర్టులు చూసి పక్కన పెట్టి, నన్ను బల్ల మీద పడుకోమన్నారు. ఎడమ మడమ కింద తన అరచెయ్యి పెట్టి, "నా చేతిని కిందికి నొక్కండమ్మా" అన్నారు. నొక్కలేకపోయాను. "సరే, దాని సంగతి వదిలేయండి. ఇప్పుడు కుడి కాలు పైకెత్తండి. నేను అడ్డం పెడతాను, మీరు గట్టిగా ఎత్తాలి." ధ్యాసంతా కుడి కాలి మీద పెట్టి ఎత్తాను. ఆవిడ నవ్వారు. "మీ ఎడమ కాలు నా చేతిని ఎంత బలంగా నొక్కుతోందో తెలుసా?"

నాకు తెలియలేదు. ఆవిడ అత్తయ్యని దగ్గరికి పిలిచి, మడమ కింద చెయ్యి పెట్టమన్నారు. మళ్లీ కుడి కాలు ఎత్తించారు.

"నొక్కుతుందండీ" అంది అత్తయ్య. "చెయ్యి నలుగుతుంది."

అప్పుడు డాక్టరు గారు కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పారు. కాలిలో బలం ఉంది. మెదడులో గడ్డ లేదు, దెబ్బ లేదు. నరం కూడా బాగుంది. కదలమని మెదడు పంపే కబురు మాత్రం కాలికి సరిగ్గా అందడం లేదు. పట్టుబట్టి కదిలించబోతే ఇంకా చిక్కుపడుతోంది. ధ్యాస వేరే చోట ఉంటే దానంతటదే అందుతోంది. దీనికి పేరుంది, ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటారు, చాలామందికి వస్తుంది, సాధన చేస్తే తగ్గే అవకాశం బాగా ఉంది అన్నారు.

"నేనే చేస్తున్నానా మేడమ్, నాకు తెలియకుండా?" అని అడిగాను.

"మీరు చేయట్లేదమ్మా. మీకు జరుగుతోంది."

ఆ రెండు మాటల మధ్య ఎంత తేడా ఉందో, నెలన్నర పాటు నన్ను నేనే అనుమానించుకున్న నాకు తెలుసు.

"ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా? కాలికి ఏదైనా దెబ్బ తగిలిందా?" అని ఆవిడ అడిగితే, నేను మామూలుగా "ఏం లేదండీ" అన్నాను. అత్తయ్య ఊరుకోలేదు.

"ఏం లేదంటావేంటమ్మాయ్? నన్ను వీపు మీద ఎక్కించుకుని నీళ్లల్లో మోసింది ఎవరు?"

బుడమేరు వాగు పొంగిన సంవత్సరం అది. మాది విజయవాడలో సింగ్ నగర్ వైపు, కింది ఇల్లు. ఆదివారం చర్చికి తయారవుతుంటే వీధిలోకి నీళ్లొచ్చాయి. చూస్తుండగానే గడప దాటాయి, మంచం ఎక్కాయి. మా ఆయన గ్యాస్ బండ కొట్టుకుపోకుండా కడుతున్నాడు. ఆ మోకాళ్లతో అత్తయ్య నీళ్లలో నడవలేదు. నేను ఆవిణ్ని వీపున ఎక్కించుకుని, ఛాతీ లోతు నీళ్లలో వీధి దాటాను. ఎదురు మేడ మీద టైలరింగ్ చేసుకునే ముస్లిం కుటుంబం ఉంటుంది. ఆ ఇంటావిడ మెట్ల మీదకి దిగి వచ్చి అత్తయ్యని అందుకుంది. ఆ దాటడంలోనే నా ఎడమ కాలు గుంటలో పడి బెణికింది. పట్టించుకోలేదు. నీళ్లు తగ్గేదాకా ఆ మేడ మీద ఎన్ని కుటుంబాలమో. పడవల్లో వచ్చిన పాలూ అన్నం పొట్లాలూ పంచేది నేనే. ఏడ్చేవాళ్లని అదిలించేదీ నేనే. తర్వాత ఇంట్లో బురద ఎత్తాను. మా ఆయన పనిముట్లు తుప్పు వదిలేదాకా కిరసనాయిలుతో రుద్దాను. స్కూలు తెరవగానే వెళ్లాను. అన్నీ సర్దుకున్నాయి అనుకున్న కొన్ని వారాలకి కాలు ఆగింది.

ఇదంతా అత్తయ్యే చెప్పింది. సగం చెప్పేసరికి ఆవిడ గొంతులో ఒక దర్జా వచ్చింది. కోడలి జబ్బు గురించి చెబుతున్నట్టు లేదు. డాక్టరు గారు అంతా విని, "అందరికీ ఒత్తిడి వల్లే వస్తుందని చెప్పలేం. మీ విషయంలో మాత్రం ఆ బరువూ ఈ బెణుకూ కలిసినట్టున్నాయి. మొయ్యాల్సినప్పుడు మోసేశారు. ఇప్పుడు శరీరం తన వంతు అడుగుతోంది" అన్నారు. వరద వచ్చాక నేను మొదటిసారి ఏడ్చింది ఆ గదిలోనే. సిగ్గుపడలేదు.

ఫిజియోథెరపీ దగ్గర అమ్మాయి మొదటిరోజే ఒక విచిత్రం చేసింది. గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్న నన్ను ఆపి, "ఇప్పుడు వెనక్కి నడవండి మేడమ్" అంది. నడిచాను. ఎడమ కాలు మామూలుగా లేచి మామూలుగా పడింది. వెనక గోడ తగిలేదాకా నడిచి, నమ్మలేక మళ్లీ నడిచాను. ముందుకి నడిచే అలవాటు చిక్కుపడిందిట, వెనక్కి నడక వేరే దారిట. ఆ దారిన వెళ్లి మెల్లగా పాత దారి తెరవాలిట.

ఇంట్లో జాగా చాలదు కాబట్టి వీధే నా మైదానం అయింది. పొద్దున్నే నేను వెనక్కి నడిచేదాన్ని, అత్తయ్య నాకు ఎదురుగా నా రెండు చేతులూ పట్టుకుని ముందుకు నడిచేది. ఆవిడకి మోకాళ్ల నొప్పి, నాకు వెనక ఏముందో కనపడదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి నడక. గోడల మీద వరద నీళ్ల మరక నా భుజం ఎత్తున ఇంకా అలాగే ఉండేది. "ఆగు, గేదె ఉంది", "కొంచెం ఎడమకి జరుగు" అని చెప్తూ, నాకు ధ్యాస మళ్లించడానికి తన చిన్నప్పటి కబుర్లు చెప్పేది. ఏ ఊళ్లో ఏ రైతు మజ్జిగ ఇచ్చేవాడు, ఏ కాలవలో చెప్పు కొట్టుకుపోయింది లాంటివి. కబుర్లలో పడితే కాలు నన్ను మరిచిపోయి నడిచేది. మొదట్లో వీధిలో నవ్వారు. ఎదురు మేడావిడ పై నుంచే, "నవ్వేవాళ్లు ఒకసారి ఆవిడలా నడిచి చూపించండి" అంది. మర్నాటి నుంచి కుట్టు మొదలుపెట్టే ముందు తనూ దిగి మాతో నడిచేది.

మెల్లగా పక్కకి నడక, తర్వాత నాలుగు అడుగులు ముందుకి, తర్వాత వీధి చివరిదాకా. ఎండలు ముదిరేలోపు స్కూలుకి వెళ్లాను. మా అమ్మాయిలకి ఉన్నదున్నట్టు చెప్పాను. జబ్బు పేరు బోర్డు మీద రాసి పలికించాను.

పూర్తిగా పోయిందని చెప్పను. ఒకసారి కంకిపాడు బస్టాండులో, జనం మధ్య, కాలు మళ్లీ బిగుసుకుంది. ఇదివరకైతే చచ్చిపోయేంత సిగ్గుపడేదాన్ని. ఊపిరి పీల్చుకుని, బల్ల వైపు వీపు తిప్పి, అక్కడిదాకా వెనక్కే నడిచి వెళ్లి కూర్చున్నాను. అందరూ చూశారు. చూడనీ అనుకున్నాను. ఆ రోజు నా మీద నాకు కలిగిన గర్వం కబడ్డీ కప్పు గెలిచిన రోజు కూడా కలగలేదు.

ఆ తర్వాత కొద్ది వారాలకి చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, ఎవరూ పిలవకుండానే మా అత్తయ్య లేచి నిలబడింది. ఆవిడ మైకు దగ్గరికి వెళ్లలేదు. వెనక వరసలోనే నిలబడి మాట్లాడింది.

"దేవుడికి స్తోత్రం. మా కోడలికి ఒత్తిడి వల్ల జబ్బు చేసింది. నటన కాదు. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూపించింది, నా చెయ్యి కూడా పెట్టించింది. దేవుడు ఆ డాక్టరమ్మని చూపించాడు. నడక మాత్రం మా కోడలే నడిచింది, రోజూ. మీ ఇళ్లల్లో ఎవరికైనా అట్టా వస్తే ఏం లేదనమాకండి. చూపించండి."

అంతే చెప్పి కూర్చుంది. పాస్టరు గారు "ఆమెన్" అన్నారు. మా ఆయన మగవాళ్ల వైపు నుంచి మెడ తిప్పి మా ఇద్దరినీ చూశాడు. పెద్దవాళ్ల ముందు అంతసేపు మాట్లాడటం అత్తయ్య జన్మలో అదే మొదటిసారి. నేను ఆవిడ చేతులు పట్టుకుని, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.