వానరోజు చూడదగ్గ ప్రదేశాలు

వాన పడితే ముసురు బాబాయ్ మొహం వెలిగిపోతుంది. మామూలు మనిషికైతే ఇదేం దోషం కాదు. కానీ ఆయనది కొండమీది ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళని బస్సులో తిప్పే గైడు ఉద్యోగం. ఆ ఊళ్ళో చూడదగ్గవన్నీ ఆరుబయటే ఉన్నాయి. వాన మొదలైతే లోయలో మబ్బు కూరుకుపోతుంది, జలపాతం దారి మూసేస్తారు, సూర్యాస్తమయం సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగతా గైడులు ఆకాశాన్ని తిట్టుకుంటూ ఇళ్ళకు పోతారు. ఈయన మాత్రం గొడుగు దులుపుకుని బస్సెక్కి, "ఇవాళ మీ అదృష్టం పండింది" అని మొదలుపెడతాడు.

ఆ మాట వినగానే బస్సు డ్రైవరు తల పట్టుకునేవాడు. తర్వాత జరగబోయేది అతనికి తెలుసు.

అసలు ఏ ఊరికైనా రెండు మొహాలుంటాయి. ఎండలో కనబడేదాన్ని రంగుల కార్డుల మీద అచ్చువేసి అమ్ముతారు. వానలో కనబడేది ఇంకోటి: చెమ్మ ఊరిన గోడలు, అరుగుల కింద ముడుచుకున్న కుక్కలు, కిటికీల వెనక కదలకుండా కూర్చున్న మనుషులు. దేశాలు తిరిగినవాళ్ళు ఈ రెండోదే అసలు ఊరంటారు. అన్నవాళ్ళెవరూ మళ్ళీ వెళ్ళి అక్కడ గది అద్దెకు తీసుకున్న దాఖలా మాత్రం లేదు. బాబాయ్ ఆ రెండో ఊరికి గైడు. ఆయన దృష్టిలో చూడదగ్గ ప్రదేశానికి ఉండాల్సిన లక్షణం ఒక్కటే: పైకప్పు.

ఒకసారి, అసలే చలికి పళ్ళు టకటకలాడుతున్న జనాన్ని ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు.

"ఇదేంటండీ, బయటికంటే ఇక్కడే చలిగా ఉంది?" అంది శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడ.

"ఉంటుందమ్మా, ఐసు కదా. తడిగా ఏమన్నా ఉందా?"

"తడి లేదు గానీ..."

"పైకప్పు చూడండి. చుక్క కారదు."

ఇంకోసారి కొత్తగా పెళ్ళయిన జంటని శవపేటికలు చేసే వడ్రంగి షెడ్డుకు నడిపించాడు. పని ధ్యాసలో ఉన్న వడ్రంగి పెళ్ళికొడుకుని కిందినుంచి పైదాకా చూసి, "ఆరడుగులకి వేలెడు తక్కువ. భుజాలు మాత్రం వెడల్పే" అన్నాడు. పెళ్ళికూతురు ఏడుపు లంకించుకుంది.

"ఊరుకోమ్మా. కొలత చెప్పాడంతే, ఆర్డరు తీసుకోలేదుగా" అని బాబాయ్ సముదాయించాడు.

పాడుబడ్డ జైలు చూపించినప్పుడైతే, తలుపు వేస్తేగానీ అనుభవం రాదని అందర్నీ లోపలపెట్టి గడియ వేశాడు. అది తుప్పుపట్టి బిగుసుకుంది. డ్రైవరు జాకీ రాడ్డుతో దాన్ని ఊడగొట్టేదాకా, బాబాయ్ ఊచల ఇవతల నిలబడి జైలు పైకప్పు గొప్పదనం వర్ణిస్తూనే ఉన్నాడు.

పొద్దున ఎక్కడ తిప్పినా మధ్యాహ్నం మూడయ్యేసరికి బస్సు కొండాసుపత్రి ముందు ఉండాల్సిందే. మందులకు లొంగని జబ్బులతో ఏళ్ళ తరబడి పడి ఉండేవాళ్ళ ఆసుపత్రి అది. జనాన్ని లోపలికి తోలుకెళ్ళి, నాలుగింటికి బయటికి తెచ్చేవాడు. డ్రైవరు మాత్రం గుమ్మం తొక్కకుండా బస్సులోనే కూర్చునేవాడు.

"బాబాయ్, సరదాగా తిరగడానికొచ్చినవాళ్ళని రోగుల దగ్గరికేంటి?"

"పాతకాలం కట్టడంరా. అంత ఎత్తు పైకప్పు ఈ చుట్టుపక్కల లేదు."

"దాని కింద మనుషులు చచ్చిపోతున్నారు బాబాయ్."

"పోతున్నారు. తడవకుండా పోతున్నారు కదా."

ఇలాంటివి బస్సు ఓనరు చెవిన పడకుండా ఎన్నాళ్ళుంటాయి? వానరోజుల్లో జనాన్ని తన బావమరిది బొమ్మల కొట్టుకు తీసుకెళ్ళమని ఆయన ఆజ్ఞ. శవపేటికల పెళ్ళికూతురు ఫోన్లో చీవాట్లు పెట్టిన మర్నాడు ఓనరు స్వయంగా బస్సెక్కాడు. ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తోంది.

"ఏమయ్యా, మా బావమరిది కొట్టుకి పైకప్పు లేదా?"

"ఉందండి. కానీ రేకులు. చప్పుడు."

"ఇవాళ నీ వెంటే వస్తా. ఆ ఆసుపత్రిలో వీళ్ళు నిన్నెలా తిడతారో చెవులారా విని అక్కడికక్కడే పీకేస్తా. నీతోపాటు నోరు మూసుకుని తిప్పుతున్న ఈ డ్రైవర్ని కూడా."

డ్రైవరుకు ఈ ఉద్యోగమే ఆధారం. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. అద్దంలోంచి బాబాయ్‌కి దణ్ణం పెట్టినంత పనిచేశాడు. "ఈ ఒక్కరోజు కొట్టుకి పోదాం బాబాయ్" అని గొణిగాడు.

"మూడవుతోందిరా" అన్నాడు బాబాయ్, అంతే.

ఓనరుకు గొడుగు పట్టాల్సి వచ్చి ఆరోజు డ్రైవరూ లోపలికి వెళ్ళాడు. పొడుగాటి హాలు, రెండువైపులా ఇనపమంచాలు, ఒక్కో మంచం పక్కన ఒక్కో స్టూలు. ఫినాయిలు వాసన, ఆరని దుప్పట్ల వాసన. గుమ్మం దగ్గరి మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. బాబాయ్ ఒక్క క్షణం ఆ మంచం ఊచ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత ఎప్పటి గొంతుతోనే జనాన్ని పంచడం మొదలుపెట్టాడు.

"మీరు కిటికీ పక్కకి. మీరిద్దరూ ఆ అవ్వ దగ్గరికి. ఈ కట్టడం గురించి వీళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు, మొహమాటపడకుండా అడగండి. ఓనరుగారూ, మీరు ఆ ఇస్త్రీ చొక్కా పెద్దాయన దగ్గర."

ఎవరు కేకలేస్తారా అని డ్రైవరు బిక్కుబిక్కుమంటూ చూశాడు. కిటికీ పక్కనున్న బక్కమనిషి తన ఛాతీ ఎక్స్‌రే తీసి వెలుతురుకు అడ్డంపెట్టాడు. "మబ్బువల్ల లోయ కనబడలేదటగా. ఇదిగో లోయ. ఈ తెల్లగా దిగుతోందే, అది జలపాతం. పోయినేడు ఇంత లేదు, ఇప్పుడు బాగా పెరిగింది." చూస్తున్న కుర్రజంట నవ్వాలో వద్దో తెలీక, చివరికి ఆయనతోపాటు నవ్వేశారు. ఇటుపక్క అవ్వ అద్దం మీద జారే చినుకులకు పందెం వేయిస్తోంది. "నీ చినుకు ఆగిపోయిందమ్మాయ్. నాది చూడు, మా ఆయన కోపమొచ్చి వెళ్ళినట్టు ఎలా పోతోందో."

డ్రైవరు ఆవిడ మంచం దగ్గర ఆగాడు. అవ్వ గొంతు తగ్గించింది. "ఈ బస్సువాళ్ళతో మా ప్రాణాలు పోతున్నాయి బాబూ. వాన పడితే చాలు, 'పాపం, చూసేందుకేం లేక బిక్కమొహాలేసుకుని ఉన్నారు, ఒక్క గంట పొద్దుపుచ్చండి' అని మీ గైడు మా కాళ్ళావేళ్ళా పడతాడు. కాదంటే బాగుంటుందా? ముసురు చూడగానే నర్సుల చేత తలలు దువ్వించుకుని కూర్చుంటాం."

డ్రైవరు వెళ్ళి బాబాయ్‌ని వరండాలోకి లాగాడు.

"వాళ్ళకొకటి చెప్పి, వీళ్ళకొకటి చెప్పి... ఏంటిది బాబాయ్?"

బాబాయ్ తలుపు సందులోంచి లోపలికి చూస్తూ చెప్పాడు. "మా అమ్మ ఇక్కడే ఉండేదిరా. రోజూ వచ్చేవాణ్ణి. ఎండకాస్తే ప్రతివాళ్ళకీ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. వానలో ఈ కొండెక్కేదెవరు? అయినా మూడింటికి అందరూ మంచి చొక్కాలు తొడుక్కుని గుమ్మంకేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. నాలుగింటికి గంట కొడితే విప్పి మడతపెట్టుకునేవాళ్ళు. అమ్మ పోయింది. నేను రావడం మానలేకపోయాను. కానీ ఒక్కణ్ణి, ఎన్ని మంచాలకని బంధువునవుతాను? అందుకని బస్సు పట్టుకొచ్చాను."

"మరి ఆ ఐసు ఫ్యాక్టరీ, ఆ పెట్టెల షెడ్డు?"

"అవి చూసొచ్చినవాడికి ఆసుపత్రి ఇంద్రభవనంలా ఉంటుందా, ఉండదా?"

గంట కొట్టారు. జనం ఒక్కొక్కరే లేచారు. అవ్వ దగ్గరున్న ఇద్దరూ చినుకుల పందెంలో ఓడి, ఇంకొక్క ఆట అని నర్సును బతిమాలుతున్నారు. ఓనరు మాత్రం లేవలేదు. ఉద్యోగాలు పీకే ముహూర్తం వచ్చేసిందనుకున్నాడు డ్రైవరు.

ఇస్త్రీ చొక్కా పెద్దాయన నర్సుల దగ్గర నాడి చూడ్డం నేర్చుకున్నాడట. వచ్చినవాళ్ళకు అదే ఆయన వినోదం. "ఎక్కణ్ణించొచ్చారు?" అనడిగితే ఓనరు "ఈ ఊరే" అన్నాడట. "వానలో ఈ ఊరివాళ్ళు కూడా వస్తున్నారా" అని పెద్దాయన ఆశ్చర్యపడి, మణికట్టు పట్టుకుని, "మీది పరిగెడుతోంది. ఎవర్నో తిట్టాలని బయల్దేరినట్టున్నారు" అన్నాడట. లెక్కపెడుతూ లెక్కపెడుతూ, పట్టు వదలకుండానే నిద్రలోకి జారుకున్నాడు. ఊపిరి సన్నగా, ఆగి ఆగి వస్తోంది.

"కదపకండి. రాత్రంతా నొప్పితో కంటిమీద కునుకు లేదు" అంది నర్సు.

ఓనరు రెండో చేత్తో బాబాయ్‌ని పిలిచాడు. మొహం ఎర్రగా ఉంది. గుసగుసగా, పళ్ళ మధ్యనుంచి అన్నాడు: "నిన్ను పీకేశాను."

బాబాయ్ వంగి చెవి దగ్గరపెట్టాడు. "ఏంటి సార్, వినబడలేదు."

"నీ ఉద్యోగం పోయింది."

"కాస్త గట్టిగా చెప్పండి."

"గట్టిగా అంటే ఈయన లేస్తాడయ్యా. బుద్ధుందా నీకు?"

"మరెప్పుడు చెప్తారు?"

ఓనరు తన మణికట్టు చుట్టూ బిగుసుకున్న ఎముకల వేళ్ళకేసి చూశాడు. తర్వాత స్టూలు చప్పుడు కాకుండా మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"వాన తగ్గాక చెప్తా. ముందు వీళ్ళందర్నీ కొట్టుకి తీసుకెళ్ళండి. డ్రైవరూ, నాకోసం మళ్ళీ రా." తర్వాత ఇంకా గొంతు తగ్గించి అన్నాడు: "మెల్లగానే రా."

ఆ కొండమీద ఆ ఋతువులో ముసురు పట్టిందంటే నెలల తరబడి వదలదని డ్రైవరుకు తెలుసు. ఓనరు ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు.