అంగడి జాగలో మూడు రాళ్ళు

అరవై ఏడో సంవత్సరం, జనవరి నెల చివరి ఆదివారం, పొద్దున ఆరున్నర గంటలకు ఉప్పల్‌లో వరంగల్లు వైపు పోయే బస్సెక్కాం. నాకప్పుడు గడియారం చూడటం రాదు. కండక్టరు మా మూటను చూసి, "ఆరున్నర బండికే గింత లగేజీ ఏందమ్మా, పెండ్లికి పోతున్రా?" అని విసుక్కున్నాడు కాబట్టి గుర్తుంది.

ఎక్కింది ముగ్గురం. నేను, మా ఆయన, మా వదినె. వదినె అంటే మా ఆయన అక్క. మొగుడు పోయాక మా దగ్గరే ఉండేది, ఒక బడిలో ఊడ్చే పని చేసేది. తనకు పెళ్ళినాడు వచ్చిన కుట్టు మిషను నాకిచ్చింది. దాంతోపాటు తన నోటిని కూడా మా ఇంటికి తెచ్చింది.

పోయేది భువనగిరి దాటాక రోడ్డు పక్కనున్న ఒక చిన్న ఊరికి. దాని పేరు రాయను. ఆ రోజు నేను దాన్ని తిట్టిన తిట్లు ఆ ఊరివాళ్ళు చదవనక్కర్లేదు.

మా ఆయన నాచారంలో ఒక మిల్లులో దూది ఏకే హాల్లో పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. దగ్గు మొదట సోమవారం వచ్చేది, తర్వాత వారమంతా వచ్చేది. సర్కారు దవాఖానాలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఆ దుమ్ములో ఉన్నంతకాలం మందు పనిచేయదని తేల్చేశాడు. అప్పటినుంచి మా ఆయనకు ఒకటే ధ్యాస. పట్నం వదిలిపెట్టి చిన్న ఊళ్ళో రోడ్డు మీదికి ఒక గది తీసుకుందాం, ముందర నీ మిషను పెట్టుకుందాం అని. మిల్లుకు సెలవు ఆదివారమే కాబట్టి ఆదివారం ఊరు చూడటానికి బయలుదేరాం. ప్రార్థన ఎగ్గొట్టినందుకు వదినె బస్సులోనే ప్రభువుకు క్షమాపణ చెప్పుకుంది, తప్పంతా తమ్ముడి మీద వేసి.

నాకు పోవడం ఇష్టం లేదు. ఆయన ఊపిరి ఒకవైపు, నా పట్నం ఒకవైపు. ఎందుకు ఇష్టం లేదో చెప్పాలి, లేకపోతే నేను గయ్యాళిదాన్నని అనుకుంటారు. గయ్యాళిదాన్నే, కానీ కారణం అది కాదు.

నేను పుట్టింది నల్లగొండ వైపు ఒక పల్లెలో. మేము మాదిగోళ్ళం, ఏసు ప్రభువును నమ్ముకున్నవాళ్ళం. మా ఊళ్ళో బావి దగ్గర దూరంగా నిలబడితే, ఎవరికన్నా తీరిక దొరికినప్పుడు చేది మా కుండలో పోసేవాళ్ళు. తీరిక దొరకకపోతే పొద్దెక్కేదాకా నిలబడేవాళ్ళం. ఆంధ్రప్రదేశ్ అయిన ఏడాది పెళ్ళయి నాచారం వచ్చాను. మొదటిరోజు వీధి నల్లా దగ్గరికి బిందె తీసుకుపోయి అలవాటు ప్రకారం దూరంగా నిలబడ్డాను. నా వెనకాల ఒక రైల్వే ఆయన భార్య. "ఏందమ్మా, సూస్కుంట నిలబడ్డవ్? పట్టుకో, నల్లా పోతది!" అని అరిచింది. పోయి నల్లా మీద చెయ్యి పెట్టి తిప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజునుంచి పట్నం నాది. సుల్తాన్ బజారు, చార్మినారు దగ్గర గాజులు, ఇరానీ హోటల్లో అందరికీ ఒకే రకం కప్పు. ఆ కప్పు కోసమైనా నేను పట్నం వదలను అనుకున్నాను.

బస్సు నారపల్లి దాటాక అంతా పొలాలే. ఇప్పుడు అక్కడ ఇళ్ళ స్థలాల బోర్డులు తప్ప ఏమీ లేవు. భువనగిరి గుట్ట కనబడగానే వదినె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"తమ్మి, గా బండ మీద ఏమున్నది?"

"ఖిల్లా అక్కా. రాజులు కట్టిన్రు."

"గంత ఎత్తుకు నీళ్ళెవలు మోసిన్రో! మోసినోళ్ళ పేరు మాత్రం ఎవలు జెప్పరు."

మేము దిగిన ఊరు నిద్రపోతున్నట్టుంది. బస్సు పోయాక దుమ్ము కూడా మెల్లగా కూర్చుంది. వీధిలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నది ఒక్క హోటలు. దాని ఎదురుగా ఇంత పెద్ద బయలు, దాన్నిండా అక్కడొకటి ఇక్కడొకటి రాళ్ళు. మనిషన్నవాడు లేడు, ఒక పంది మాత్రం తిరుగుతోంది. మా ఆయన మాత్రం గాలి పీల్చుకుంటూ, "ఎంత నిమ్మళంగ ఉన్నది సూడు" అన్నాడు.

"పీనుగ గూడ నిమ్మళంగనే ఉంటది. గీడ ఎవలకు కుట్టాలె నేను? గా పందికా?"

మనసులో సంతోషమే. ఊరు పనికిరాదని ఆయనే ఒప్పుకుంటాడు, మధ్యాహ్నం బస్సుకు తిరిగి పోతాం అనుకున్నాను. తర్వాత ఆయన దగ్గు సంగతేమిటని మాత్రం అనుకోలేదు.

చాయ్ తాగుదామని హోటలు దాకా పోయాం. లోపల అరమీద గాజు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. బయట చూరు కింద మేకుకు సొట్టలు పడ్డ రెండు రేకు గ్లాసులు వేలాడుతున్నాయి. అవి ఎవరికోసమో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఆయన కూడా చూశాడు. దగ్గు వచ్చింది, గోడ పట్టుకుని నిలబడి దగ్గాడు. హోటలాయన గడప మీదికొచ్చి మమ్మల్ని పైనుంచి కిందికి చూస్తున్నాడు.

"పాండ్రి" అని మమ్మల్ని అక్కడినుంచి కదిలించింది వదినె. "నా చెయ్యితోటి నేనే పెడ్త చాయ్. గీ ఊళ్ళ మూడు రాళ్ళు దొరకయా?"

వదినె ఎక్కడికి పోయినా సంచిలో గిన్నె, గ్లాసులు, చాయ్‌పత్తి, బెల్లం పెట్టుకునేది. బయటి తిండి మీద నమ్మకం లేదు. బయలులోకి పోయి మంచి రాళ్ళు మూడు ఏరింది. ఒకదానికి సున్నం గీత ఉంది, ఇంకొకదానికి పసుపు మరక. ఏరినప్పుడు, "పొయ్యి కోసమే చెక్కినట్టున్నయే" అని మురిసిపోయింది కూడా. ఎండు పుల్లలు పెట్టి మంట చేసింది. నీళ్ళు బోరింగు దగ్గర మా ఆయనే కొట్టుకొచ్చాడు.

నీళ్ళు మసలుతుండగా బయలు అవతలి గుడిసెలోంచి ఒక ముసలామె చీపురు ఎత్తుకుని పరుగున వచ్చింది. చేతిలోది సగం కట్టిన కొత్త చీపురు.

"ఓ నీ చేతులిరుగ! నా జాగల పొయ్యి వెడ్తవా?"

వదినె లేవలేదు. "నీ జాగెట్ల? నీ పేరు రాసున్నదా?"

"రాసే ఉన్నది! కండ్లు లేవా? గా సున్నం గీత నేను గీసిందే. పసుపు పూసిన రాయి గాజులాయనది. నా మొగుడు బతికున్నప్పటి సంది నా రాయి గాడనే ఉన్నది, వానకు కదల్లే, గొడ్లకు కదల్లే, నువ్వొచ్చి పీకినవ్!"

అప్పుడు బయలు వైపు మళ్ళీ చూశాను. రాళ్ళు చెల్లాచెదురుగా లేవు. వరసలుగా ఉన్నాయి. వరసకూ వరసకూ మధ్య మనుషులు నడిచేంత దారి ఉంది.

"గివి ఏందవ్వా?" అన్నాను.

"అంగడి, బిడ్డా. బేస్తారం అంగడి. ఒక్కొక్క రాయి ఒక్కొక్కరి జాగ. ఆ కొసకు మిరపకాయలోళ్ళు, గీ దిక్కు కుండలు, గాడ మేకలు. బేస్తారం నాడు గీడ నిలబడితే నీ కాలు నీకు కనబడది. ఆదివారం వచ్చి ఊరు సూస్తరా ఎవలన్న? ఏ ఊరు వాళ్ళు మీరు?"

"పట్నం" అన్నాడు మా ఆయన.

"గదే మరి!" అని ముసలామె నొసలు కొట్టుకుంది.

మా పట్నంలో బజారు రోజూ ఉంటుంది. ఊరికి కూడా వారంలో ఒక రోజు ఉంటుందని, అది తెలుసుకుని రావాలని మాకు తోచనేలేదు. మిల్లు సెలవును చూసుకుని వచ్చాం. నేను పల్లెలో పుట్టినదాన్నే, నాకైనా తెలియాలి. కానీ మా ఊళ్ళో అంగడి లేదు, ఉన్న ఊరికి మమ్మల్ని ఎవరూ తీసుకుపోలేదు.

వదినె రాళ్ళు తీసేద్దామంటే అవి కాలుతున్నాయి. "ఎట్లైన కాలినయి, చాయ్ కానియ్యి" అంది ముసలామె, పక్కనే కూర్చుని. వదినె గ్లాసులో పోసి అందించబోయింది. ముసలామె చెయ్యి చాచి మధ్యలో ఆపింది.

"ఎవలోళ్ళు మీరు?"

వదినె నా వైపు చూసింది. మా ఆయన నేల వైపు చూశాడు. నేను దాచే మనిషిని కాదు. "మాదిగోళ్ళం. తాగుతె తాగు, లేకుంటె లేదు" అన్నాను.

ముసలామె ఒకసారి హోటలు వైపు చూసింది. హోటలాయన గడప మీదే ఉన్నాడు, ఇటే చూస్తున్నాడు. ఆమె గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది.

"బెల్లం తక్కువేసినవ్" అంది వదినెతో.

"పట్నంల గింతే ఏస్తరు."

"గందుకే మీ మొకాలు గట్లున్నయి."

మా ఆయన నవ్వాడు. నవ్వి దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. ఆయన మూట విప్పాడు. నేను కుట్టిన చిన్నపిల్లల గౌన్లు, లాగులు అందులో నమూనాకని పెట్టుకొచ్చాడు. ముసలామె ఒక గౌను ఎత్తి నడుము దగ్గర కుచ్చులను వేలితో లాగి చూసింది.

"ఎవలు కుట్టిన్రు?"

"నేనే."

"ఈడ గిసుంటియి దొరకయి. బట్ట కొంటే దర్జీ పండుగదాక ఇయ్యడు. బేస్తారం తే బిడ్డా."

"నాకు ఈడ జాగేది?"

ముసలామె పొయ్యిలో మూడో రాయిని చీపురుతో చూపించింది. దానికి గీత లేదు, మరక లేదు. "గది ఉల్లిగడ్డలామెది. మొన్న వానలకు సచ్చిపోయింది పాపం. నా పక్కదే. ఇంక ఎవలు అడగలే."

"కులం అడుగుతరేమో అవ్వా."

"అంగట్ల ఎవలు అడుగుతరు? అంగట్ల బేరం అడుగుతరు. ఊళ్ళెకు పోతె అడుగుతరు. నేను అబద్ధం జెప్ప."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ మాటే నాకు దారి చూపింది. రాళ్ళు చల్లారాక ఎక్కడివక్కడ ముసలామె చెప్పినట్టు పెట్టాం. సున్నం గీత మీద మసి పట్టింది. ఆమె కొంగుతో తుడిచి, పోకపోతే తిట్టింది, మళ్ళీ తుడిచింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మా ఆయన మెల్లగా అడిగాడు.

"ఊరు నీకు నచ్చలే గదా?"

"నచ్చలే. గీడ ఇల్లు వెట్ట. ఆ రేకు గిలాసల నేను తాగ, నువ్వు తాగుతుంటె సూడ."

"మరి మళ్ళ మిల్లుకే పోవాల్నా?"

"ఎవలన్నరు పొమ్మని? ఉండుడు నాచారంలనే. అంగడికి వస్తం, పొద్దుగూకంగ పోతం. నేను కుడ్త, నువ్వు మొయ్యి, వదినె అరుస్తది."

"వారానికి ఒక్క బేస్తారం అమ్మితె ఏం తింటమే?"

"గీ ఊరికి బేస్తారమైతె పక్క ఊరికి ఇంకో రోజు ఉండదా? అవ్వను అడుగు."

ఆయన నిజంగానే బయలు అడ్డంపడి పరుగెత్తి పోయి అడిగి వచ్చాడు. చాన్నాళ్ళకు ఆయన పరుగెత్తడం చూశాను. వచ్చి ఊపిరి పట్టుకుని, వేళ్ళు మడుస్తూ ఒక్కో ఊరి పేరూ చెప్పాడు. ఒకదానిది సోమవారం, ఒకదానిది శుక్రవారం. "ఆదివారం గూడ ఉన్నదట" అన్నాడు. "ఆదివారం ప్రార్థన" అంది వదినె. అదొక్కటే ఆమె గెలిచింది.

ఆ ఎండాకాలం రాకముందే మా ఆయన మిల్లు మానేశాడు. దగ్గు వెంటనే పోలేదు, రెండు వానాకాలాలు తీసుకుంది, పూర్తిగా ఎప్పుడూ పోలేదు. కానీ కనురెప్పలు మళ్ళీ నల్లబడ్డాయి. మేము ఆలేరు చూశాం, జనగామ చూశాం, వాటి వెనకాల బస్సు పోని ఊళ్ళు కూడా చూశాం. ఒక ఊళ్ళో పచ్చ రంగే కొనేవాళ్ళు, ఇంకొక ఊళ్ళో జేబు లేని లాగు ఇస్తే విసిరికొట్టేవాళ్ళు. ప్రతి ఊరికీ ఒక రోజు, ఆ రోజుకు ఒక మొహం. ఖాళీ నేల చూడగానే తిట్టడం మానేశాను. సాయంత్రం ఉప్పల్ దీపాలు కనబడగానే మాత్రం నా పట్నం నాకు మళ్ళీ కొత్తగా ఉండేది. రోజూ అందులోనే ఉన్నప్పుడు అంత ముద్దు రాలేదు.

ఆ హోటలు మేకుకు గ్లాసులు చాలా ఏళ్ళు వేలాడాయి. ఒక బేస్తవారం చూస్తే మేకు ఖాళీగా ఉంది. ఎవరు తీశారో, ఎందుకు తీశారో తెలియదు. లోపలికి పోయి బల్ల ముందు కూర్చున్నాను. గాజు గ్లాసులో చాయ్ వచ్చింది. తాగాను. ఏమంత బాగాలేదు.

చదువు నాకు యాభై దాటాక వచ్చింది, మా ప్రార్థన మందిరంలో సాయంత్రం బడి పెడితే. బస్సు బోర్డుల మీది ఊళ్ళ పేర్లే ముందు చదివాను. ఆ ఊళ్ళన్నీ నాకు అంతకుముందే తెలుసు.

ఆ ఆదివారం అక్కడ ఉన్నవాళ్ళను రాసి ముగిస్తాను. నేను, మూట మోసిన మా ఆయన, పొయ్యి పెట్టిన మా వదినె, చీపుర్ల అవ్వ, గడప దిగని హోటలాయన, ఒక పంది. గాజులాయన లేడు, ఆయన రాయి ఉంది. ఉల్లిగడ్డలు అమ్మే ఆమె లేదు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు, కానీ ఆమె జాగలో పద్నాలుగేళ్ళు కూర్చున్నాను, అందుకని ఆమెను కూడా రాస్తున్నాను.