రాగి గిన్నె ముందు అమ్మ

శాన్ రామన్‌లో మా ఇంటి గరాజ్ తలుపు తీయగానే అప్పుడే చెక్కిన పెన్సిళ్ల వాసన వస్తుంది. శనివారం పొద్దున బొమ్మలు నేర్చుకునే పిల్లలు రాకముందే అమ్మ వాటన్నిటినీ బ్లేడుతో చెక్కి పెడుతుంది. ఆ వాసన తగిలితే చాలు, నా పదకొండో ఏట ఫ్రాన్స్‌లో గడిపిన రెండు వారాలు గుర్తొస్తాయి.

అప్పుడు మేం సన్నీవేల్‌లో చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. తెనాలిలో డ్రాయింగ్ టీచరుగా చేసిన అమ్మకు, నాన్న వీసా మీద వచ్చినందువల్ల అమెరికాలో ఉద్యోగం చేసే వీల్లేదు. ఆ వేసవిలో నాన్నకు లియోన్‌లో ఆఫీసు పని పడితే మమ్మల్నీ తీసుకెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే మేమిద్దరం నిమ్మకాయ పులిహోర డబ్బాలో సర్దుకుని, బేకరీల్లోంచి వచ్చే వెన్న వాసన పీలుస్తూ, పొద్దున్నే కడిగిన రాతి వీధుల తడి మీద జారకుండా నడుస్తూ, ఊళ్లోని ఆర్ట్ మ్యూజియానికి వెళ్లేవాళ్లం. నేను గది గదికీ తిరిగి బొమ్మల్లో ఎన్ని కుక్కలున్నాయో లెక్కపెట్టే ఆట ఆడుకుంటుంటే, అమ్మ మాత్రం ఓ మూల గదిలో చిన్న బొమ్మ ముందు నిలబడిపోయేది. బల్ల మీద సొట్టపడిన రాగి గిన్నె, రెండు ఉల్లిపాయలు, అంతే.

మూడో రోజు సంచిలోంచి స్కెచ్‌బుక్ తీసి, దీన్ని చూసి గీసుకోవచ్చేమో అక్కడి కాపలా ఆవిడను అడగమంది. నేను స్కూల్లో ఏడాది పాటు ఫ్రెంచ్ నేర్చుకున్నాను. కానీ అంతమందిలో అమ్మ కూర్చుని గీయడం, ఎవరైనా పలకరిస్తే తన తెనాలి ఇంగ్లీషులో జవాబివ్వడం తలుచుకుంటేనే నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ దగ్గరికి వెళ్లి టాయ్‌లెట్ ఎక్కడని అడిగి, తిరిగొచ్చి, గీయనివ్వరట అని చెప్పాను. అమ్మ పుస్తకం సంచిలో పెట్టేసుకుంది.

మర్నాడు నన్ను అడగలేదు. తనే ఆవిడ ముందుకెళ్లి, పుస్తకం తెరిచి, పెన్సిల్ చూపించి, బొమ్మ వైపు చెయ్యి చాపింది. ఆవిడ సరేనని తలూపి, మడత స్టూలు కూడా తెచ్చి వేసింది. తర్వాత నన్ను గుర్తుపట్టి, ఈ రోజూ టాయ్‌లెట్టేనా అని వచ్చీరాని ఇంగ్లీషులో నవ్వుతూ అడిగింది. అమ్మ నా వైపు ఒక్కసారి చూసి, గీయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మ్యూజియం పెరట్లో బెంచీ మీద పులిహోర తింటూ అంది: “నా ఇంగ్లీష్ నీకు నామోషీ అయితే దూరంగా కూర్చో తల్లీ, నేనేం అనుకోను. కానీ నాకు అబద్ధం చెప్పి నా పని ఆపకు.”

“సారీ అమ్మా,” అన్నాను.

ఆ తర్వాత కుక్కల ఆట మానేసి స్టూలు పక్కనే నేల మీద కూర్చున్నాను. గిన్నె అంచున మెరుపును అమ్మ గీయలేదు. చుట్టూ నలుపు నింపుకుంటూ పోయి అక్కడ మాత్రం కాగితాన్ని ఖాళీగా వదిలేసింది. ఒక ముసలాయన ఆగి, మీరు ఆర్టిస్టా అని ఇంగ్లీషులో అడిగాడు.

“ఐ యామ్ డ్రాయింగ్ టీచర్,” అంది అమ్మ, చెయ్యి ఆపకుండానే.

అమెరికా వచ్చాక ఆ మాట తను అనగా వినడం నాకదే మొదలు. వెనక్కి వచ్చాక మా కాంప్లెక్సులోని పిల్లలకు ఊరికే నేర్పింది. పని చేసుకునే అనుమతి వచ్చాక దాన్నే వృత్తి చేసుకుంది.

ఆ అపార్ట్‌మెంట్లు ఇప్పుడు లేవు. లియోన్‌లో గీసిన బొమ్మ ఇళ్లు మారడంలో ఎక్కడో పోయింది. బ్యాంకులో, డాక్టర్ దగ్గర, స్కూల్లో అమ్మ తరఫున ముందుకెళ్లి మాట్లాడే నా పెద్దరికం మాత్రం ఆ వేసవిలోనే పోయింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా తనే మాట్లాడుకుంటుంది. నేను పక్కన నిలబడి వింటాను.