ఆ అమ్మాయి వద్దన్న ఫోను

మొన్న శుక్రవారం ఇక్కడి లువాస్ ట్రాములో నమాజుకు పోతుంటే, చెర్రీవుడ్ స్టాపు దాటగానే ఎవరో విసిరిన రాయి తగిలి నా పక్క అద్దం భళ్ళున పగిలింది. ఎదుటి సీటులోని ముసలామె "యూ ఆర్ గ్రాండ్", ఏం కాలేదులే అంటూ నా భుజం తట్టింది గానీ, నాకు మాత్రం పన్నెండేళ్ళ కిందటి రక్తం కళ్ళముందు కదిలింది.

అప్పట్లో నేను మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేస్తూ, సెలవు రోజుల్లో యూనివర్సిటీలో ముస్లిం విద్యార్థులకు చాప్లెయిన్‌గా ఉండేవాణ్ణి. చాప్లెయిన్ అంటే నమాజు చదివించడం ఒక్కటే కాదు, ఇల్లు దొరకనివాళ్ళకు ఇల్లు వెతకాలి, పరీక్ష పోయినవాళ్ళ ఏడుపు వినాలి, విన్నదాన్ని కడుపులో దాచుకోవాలి. ఆ చివరిదే నాకు చేతకాలేదు, మన ఊళ్ళ పెద్దమనిషికి నోట్లో నువ్వుగింజ నానుతుందా?

కడప నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి ఒకతె ఉండేది, ఇంక మూడు నెలల్లో పట్టా చేతికొస్తుంది. ఒక మధ్యాహ్నం డ్రోహెడా ఊళ్ళో బస్సు కోసం నిలబడి ఉంటే ముగ్గురు కుర్రాళ్ళు వెనకనుంచి తలగుడ్డ పట్టి లాగారు, అది గొంతుకు బిగుసుకుని ఆ పిల్ల వెల్లకిలా పడింది, పడ్డదాని మొహాన్ని బూట్లతో తన్నారు. నేను ఆసుపత్రికి చేరేసరికి దవడ విరిగి, రెండు పళ్ళు పోయి, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆ నోటితోనే నా చెయ్యి పట్టుకుని, "అబ్బాకు చెప్పొద్దు అంకుల్, తెలిస్తే రేపే వచ్చేయమంటారు, నా చదువు పోతాది" అంది. సరేనన్నాను.

బయటికొచ్చాక నాకు ఒళ్ళు తెలియలేదు. ప్రతి శుక్రవారం ఓర్పు గురించి ఉపన్యాసాలిచ్చే నేను ఆ ముగ్గురినీ చంపాలన్న కసితో కారు తలుపును గుద్ది గుద్ది వేళ్ళు పగలగొట్టుకున్నాను. ఆడపిల్లకు ఇంత జరిగితే తండ్రికి చెప్పకుండా దాచినవాడు పెద్దమనిషి ఎలా అవుతాడనిపించి, ఆ నెత్తురు చేతితోనే కడపకు ఫోన్ చేశాను. వారం తిరగకముందే వాళ్ళన్న వచ్చి తీసుకుపోయాడు, నావైపు ఆ అమ్మాయి చూడనైనా చూడలేదు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆ ముగ్గురినీ పట్టుకున్నారు గానీ, సాక్ష్యం చెప్పాల్సిన మనిషి దేశంలోనే లేకపోవడంతో కేసు నిలవలేదు. తర్వాత వాళ్ళలో ఒకణ్ణి అదే బస్టాపులో చిప్స్ తింటుండగా చూశాను, వాడి గొంతు పిసకాలనిపించింది, అంతకన్నా ముందు నా గొంతే పిసుక్కోవాలనిపించింది.

ఇప్పుడు యూనివర్సిటీలో నా స్థానంలో చాప్లెయిన్‌గా ఉన్న యువతి, విద్యార్థి ఒప్పుకోకపోతే కన్నతల్లి అడిగినా పెదవి విప్పదు. ఒకప్పుడైతే ఇదేం రాతిగుండె అనేవాణ్ణి, ఇప్పుడు ఆ అమ్మాయి ఈ కాలంలో చదువుకోవాల్సింది కదా అనిపిస్తుంది. కడప నుంచి తండ్రి మాత్రం ప్రతి రంజాన్‌కూ ఫోన్ చేసి, మా బిడ్డను కాపాడారని కన్నీళ్ళతో దుఆ చేస్తాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను వెనకనుంచి ఆ అమ్మాయి గొంతు వినపడుతుందేమోనని చూస్తాను, ఇంతవరకూ వినపడలేదు.