కాటా కంప్యూటర్లో ఒక ఫైలు ఎక్కువ

2004 ఆగస్టులో నేను విశాఖ రేవును ఆనుకుని ఉన్న ఒక బొగ్గు యార్డులో ఇ.డి.పి. సూపర్‌వైజర్‌ని. ఇ.డి.పి. అంటే కంప్యూటర్ల విభాగం. విభాగం అంటే నేనూ, ఒక ఏసీ గదీ. మేడమ్‌కు మనుషులతో కన్నా మిషన్లతోనే ఓపిక ఎక్కువని యార్డులో అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ నెలలో వైరస్‌ల గొడవ ముదిరి హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి కంప్యూటర్లోనూ డ్రైవర్ ఫైళ్ల జాబితా తీసి, తెలియనివి ఉంటే రాసి పంపాలి. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య మాట అందించే చిన్న ప్రోగ్రాము. విండోస్ దానికి అన్ని గదుల తాళాలూ ఇచ్చేస్తుంది. కాబట్టి ఆ వేషంలో దొంగ వస్తే పట్టుకోవడం కష్టం.

లారీ కాటా దగ్గరి కంప్యూటర్లో ఒక ఫైలు ఎక్కువ తేలింది. తయారుచేసిన కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ కంప్యూటర్లోకి అది వచ్చిన తేదీ కిందటేడు ఆయుధపూజ రోజు. ఆ రోజు మా యార్డులో ఏదీ నడవదు. క్రేన్ల నుంచి స్టేప్లర్ల దాకా అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి దండలు వేస్తాం. హాజరు పట్టీ ప్రకారం కాటా గదిలో డ్యూటీ ఒక్కడికే, ఆపరేటర్ అప్పలరాజుకి.

అప్పలరాజుది జాలారిపేట. ఇంట్లో అందరూ సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్లే. కుర్చీలో కూర్చునే ఉద్యోగం అతనితోనే మొదలు. ఆరేళ్లు కాంట్రాక్టు మీద చేశాక, పర్మనెంటు చేసేవాళ్ల జాబితాలో ఆ నెలే పేరు వచ్చింది. అదే వారం ఒక కొనుగోలుదారు తూకం తేడా వస్తోందని ఉత్తరం రాశాడు. మా వర్క్స్ మేనేజరు గారు ఫైలునూ ఉత్తరాన్నీ కలిపేశారు. శనివారంలోగా నా రిపోర్టు కావాలన్నారు. ఫైలు దొంగదైతే అప్పలరాజు పేరు జాబితాలో ఉండదు. అప్పటిదాకా అతను డ్యూటీకి రానక్కర్లేదు.

నేను అతన్ని పిలిచి, ఈ ఫైలు నువ్వు పెట్టావా అని అడిగాను.

"నాకేటి తెలుసు మేడమ్? లారీ ఎక్కితే నంబరు కొడతాను, కాయితం సింపి ఇత్తాను. లోపల ఏటున్నాదో నానెప్పుడూ సూడనేదు."

తెలియదన్నాడు అని రాసుకుని పంపేశాను.

ముందు కాటా కంప్యూటర్ డిస్కుకు నకలు తీశాను. అసలును ముట్టుకోకపోవడం మొదటి నియమం. యాంటీవైరస్ వేస్తే ఏమీ లేదంది. దానర్థం తనకు తెలిసిన వైరస్ ఏదీ లేదని మాత్రమే. నకలు డిస్కు తగిలించి, ఫైలు పేరు మార్చి, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేశాను. పేరు మారితే విండోస్‌కు ఆ ఫైలు దొరకదు, దాని మీద ఆధారపడింది ఆగిపోతుంది. తెర మీద తూకం రావడం ఆగింది. అంటే ఫైలు తూకం దారిలోనే కూర్చుంది. ఈ కబురు వినగానే మేనేజరు గారు, ఇంకేం కావాలమ్మా అన్నారు.

నాకింకా కావాలి. కంప్యూటర్ పెట్టె మూత విప్పి చూస్తే లోపల ఒక సర్క్యూట్ కార్డు ఉంది. కాటా నుంచి వచ్చే వైరు దానికే తగిలించి ఉంది. ఆ కార్డు మా పరికరాల రిజిస్టరులో లేదు. అయితే మా యార్డులోకి గేట్ పాస్ లేకుండా టిఫిన్ క్యారియర్ కూడా రాదు. గేటుకు వెళ్లి కిందటేడు దసరా నాటి పాసుల కట్ట తీయించాను.

పాసు దొరికింది. కార్డు ఒకటి, లోపలే ఉండిపోయేది. ఫ్లాపీ ఒకటి, తిరిగి పట్టుకెళ్లాల్సింది. తెచ్చినవాడు వన్‌టౌన్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఖాదర్. అనుమతించిన అధికారి సంతకం నాది. పక్కనే కుంకుమ వేలిముద్ర, అదీ నాదే. కాటా ఆగేది ఏడాదికి ఆ ఒక్క రోజే కాబట్టి పాడైన కార్డు మార్చడానికి నేనే ఖాదర్‌ను రమ్మన్నాను. పూజ మధ్యలో సంతకం చేశాను, రిజిస్టరులో ఎక్కించలేదు, మరిచిపోయాను. గేటు దగ్గర నిలబడి చాలా సిగ్గుపడ్డాను.

కొత్త కార్డు డ్రైవర్ ఫ్లాపీలోనే వస్తుంది. ఖాదర్ దుకాణానికి వెళ్లి ఆ ఫ్లాపీ ఉందా అన్నాను.

"ఎందుకుండదు మేడమ్? మీ గేటోళ్లే ఎనక్కి తీసుకెల్లిపో అని నా సేతిలో ఎట్టేసినారు కదా!"

ఫ్లాపీ మీద ఆ కార్డు తయారుచేసిన కంపెనీ లేబులే ఉంది. అందులోని ఫైలునూ, మా ఫైలునూ కంప్యూటర్ చేత బైటు బైటుగా పోల్పించాను. తేడా లేదు, కంపెనీ పేరు దగ్గరి ఖాళీతో సహా. చివరికి తూనికల శాఖ ముద్ర ఉన్న రాళ్లు కాటా మీదికి ఎక్కించి చూశాం. రాళ్ల బరువెంతో కాటా మీటరులోనూ అంతే, తెర మీదా అంతే. కొనుగోలుదారు చెప్పిన తేడా వానది. మా దగ్గర తడిసి తూగిన బొగ్గు వాళ్ల దగ్గరికి చేరేసరికి ఆరింది.

రిపోర్టులో చివరి వాక్యంగా నా సంతకం సంగతి రాశాను. ఆ వాక్యం అవసరమా అని మేనేజరు గారు అడిగారు. అది లేకపోతే మిగతా రిపోర్టుకు అర్థం లేదన్నాను. నాకు మెమో వచ్చింది. అప్పలరాజుకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

డ్యూటీలో చేరిన రోజు అతను నా గదికి వచ్చాడు. ఖాదర్ వచ్చిన సంగతి ముందే ఎందుకు చెప్పలేదని కొంచెం గట్టిగానే అడిగాను.

"మీరు ఫైలు గురించే అడిగినారు మేడమ్. ఆ రోజు ఎవులొచ్చారని అడగనేదు. అడిగితే సెప్పీవోణ్ణి."

తెలియని ఫైలు కనబడితే పూర్తిచెయ్యడానికి ఆ తరవాత ఒక ఫారం తయారుచేశాను. నేను రిటైరయ్యేదాకా యార్డులో అదే వాడాం. స్కానింగు, పోల్చి చూడడం, నకలు మీద పరీక్ష, అన్నీ అందులో ఉన్నాయి. కానీ అవి రెండో ప్రశ్న నుంచి మొదలవుతాయి. మొదటి ప్రశ్న: ఈ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని, ఆ రోజు ఏం జరిగిందని అడిగారా?